గంగ ఒడ్డున ఒకరోజు

యముడికి గుడి కట్టిన ఊరు. మన అమ్మమ్మలు, తాతయ్యలు బట్టీపట్టిన శతకం పుట్టిన ఊరు. అక్కణ్నుంచి ఓ గంట ప్రయాణిస్తే రెండువేల ఏళ్ల నాటి మరో ఊరు... కొంత నేలలో, కొంత నీళ్లలో! గోదావరి ఒడ్డు పట్టుకుని ధర్మపురి నుంచి కోటిలింగాల దాకా ఒక్కరోజు తిరిగొద్దాం రండి.

పొద్దున్నే జగిత్యాల బస్టాండులో ధర్మపురి బస్సు ఎక్కి చూడండి. ఎవరు ఎందుకు వెళ్తున్నారో చేతిలోని సంచే చెప్పేస్తుంది. కొబ్బరికాయలు, పూలదండ, కొత్త తువ్వాలు కనిపిస్తే మొక్కు. చంకలో పసిబిడ్డ, పక్కన మేనమామ, వెనక మరో పదిమంది చుట్టాలుంటే పుట్టువెంట్రుకలు. ఎర్రగుడ్డతో మూతి కట్టిన ముంతను ఒళ్లో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నారంటే... ఆ ఇంట్లో ఎవరో పోయారు. అందరూ ఒకే బస్సులో సర్దుకుని కూర్చుంటారు. ముంత పక్కన పసిబిడ్డ ఉందని ఎవరూ ముఖం చిట్లించరు. ‘‘గంగకేనా?’’ అని అడుగుతారు. ‘‘ఆఁ, గంగకే’’ అన్న జవాబుతో మాటలు అయిపోతాయి.

ఈ గంగ కాశీలో పారేది కాదు. ఉత్తర తెలంగాణలో గోదావరిని గోదావరి అనేది పాఠ్యపుస్తకాలూ, వంతెనల దగ్గరి బోర్డులూ మాత్రమే. ఊళ్లలో అది గంగ. ‘గంగ స్నానానికి పోయినం’, ‘గంగల కలిపి వచ్చినం’... అంతే. నాసిక్ దగ్గర త్య్రంబకేశ్వరంలో పుట్టి, మహారాష్ట్ర దాటి కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే ఈ నదికి దక్షిణ గంగ అనే పేరు పండితులు పెట్టారు. ఇక్కడి జనం ‘దక్షిణ’ అన్న తోకను ఎప్పుడో తీసేశారు.

జగిత్యాల నుంచి ధర్మపురికి 30 కిలోమీటర్లలోపే. దారి పొడవునా మామిడితోటలు, వరి, మక్కజొన్న. 2016 అక్టోబరు 11న జిల్లాల్ని విడగొట్టేదాకా ఇదంతా కరీంనగర్ జిల్లా. నది అవతల ఆదిలాబాద్. ఇప్పుడు ఇటు జగిత్యాల, అటు మంచిర్యాల. అన్నట్టు, జగిత్యాలలో ఆగే తీరిక ఉంటే పద్దెనిమిదో శతాబ్దం నాటి నక్షత్రాకారపు కోట చూడొచ్చు. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు కట్టారనీ, వాళ్ల పేర్లే కలిసి జగిత్యాల అయిందనీ అక్కడ చెప్పే కథ వినడానికి బాగుంటుంది. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం.

దక్షిణం వైపు తిరిగిన నది

ధర్మపురిలో బస్సు దిగినవాళ్లు గుడికి ముందు వెళ్లరు. నదికి వెళ్తారు. ఊరే అలా ఉంది. ఏ సందులో నడిచినా చివరికి నీళ్ల దగ్గరే తేలతాం.

పడమట పుట్టి తూర్పు సముద్రంలో కలిసే గోదావరి, దారిలో అక్కడక్కడా ఒళ్లు విరుచుకున్నట్టు వంపు తిరుగుతుంది. అలాంటి వంపు ధర్మపురి దగ్గర ఒకటి. ఇక్కడ నది దక్షిణం వైపు సాగుతుంది. దక్షిణవాహినిలో స్నానం విశేషమని పురోహితులు చెబుతారు. దక్షిణం అంటే మన లెక్కలో ఎవరి దిక్కు? యముడిది. ఆయన గుడి ఈ ఊళ్లోనే ఎందుకుందని ఆశ్చర్యపోయేవాళ్లు ఒక్కసారి ఘాట్ మెట్ల మీద నిలబడి నీళ్లు ఎటు వెళ్తున్నాయో చూస్తే చాలు.

మంగలిగడ్డ ఘాట్ పేరులోనే ఉంది అక్కడ జరిగేదేమిటో. మెట్ల మీద వరసగా గుండ్లు. ఒక పక్క ఏడాది నిండని పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటారు. పది అడుగుల దూరంలో తండ్రి కోసం గుండు చేయించుకుంటున్న కొడుకు మౌనంగా తల వంచి ఉంటాడు. ఇంకాస్త కింద మోకాలిలోతు నీళ్లలో పిండాలు వదులుతున్నారు. ఆ పక్కనే చేపపిల్లలు పోగయ్యాయి. వాటిని చూసి ఓ చిన్నపిల్ల కేరింతలు కొడుతోంది. ఎవరూ ఆ పిల్లను కసరలేదు. ఏడుపూ నవ్వూ పక్కపక్కనే ఇంత సహజంగా ఉండే చోటు, ఏ ఆసుపత్రో తప్పిస్తే, మరొకటి గుర్తురాదు.

నీళ్ల సంగతి మాత్రం ఎప్పుడు వెళ్లారన్న దాన్నిబట్టి ఉంటుంది. పైన పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసింది. కింద ఎల్లంపల్లి. నడిమధ్య ధర్మపురి. పైవాళ్లు గేట్లెత్తితే ఇక్కడ గంగ ఉగ్రనరసింహమే. 2022 జులైలో ఆ రూపం చూసిన తీరప్రాంతపు ఊళ్లు ఇప్పటికీ ఆ రాత్రుల గురించి చెప్పుకుంటాయి. ఎండాకాలంలో అయితే ఇసుక మేటలు, బండరాళ్లు, మధ్యలో సన్నని పాయలు. నీటి దగ్గరికి చాలాదూరం ఇసుకలో నడవాలి. నడిచేటప్పుడు కిందికి చూసుకోండి. కర్మకాండ అయ్యాక ఒడ్డున విడిచిన పాతబట్టలు, దండలు, ప్లాస్టిక్ కవర్లు కాళ్లకు చుట్టుకుంటాయి. పోయినవాళ్ల బట్టలు ఇంటికి తీసుకెళ్లకూడదన్నది ఆచారం. సరే. మరి ఆ ముడి పట్టుకొచ్చిన పాలిథిన్ సంచిని కూడా గంగకే ఎందుకిచ్చి పోవాలో ఏ శాస్త్రంలోనూ ఉండదు. 2015 జులై 14న గోదావరి పుష్కరాలు మొదలైనప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తెలంగాణ తరఫున తొలి స్నానం చేసింది ఈ ఊళ్లోనే. ఆ పన్నెండు రోజులూ ధర్మపురిలో రోడ్డు కనిపించలేదు, తలలే! మళ్లీ పుష్కరాలు 2027లో.

యముడికీ సెలవు కావాలి

స్నానమయ్యాక గుడి. లక్ష్మీనరసింహస్వామి ఇక్కడ యోగముద్రలో ఉంటాడు. ఉగ్రనరసింహుడికి విడిగా ఆలయం ఉంది. వేంకటేశ్వరుడున్నాడు. రాముడు ప్రతిష్ఠించాడని చెప్పే రామలింగేశ్వరుడున్నాడు. శైవమూ వైష్ణవమూ ఒకే పిలుపుకు పలికేంత దగ్గర. ధర్మవర్మ అనే రాజు తపస్సు చేస్తే స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, ఆయన పేరు మీదే ఊరు వెలసిందనీ స్థలపురాణం.

జనం మాత్రం ఒక చిన్న గుడి దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. ఆవరణలోనే ఉన్న యమధర్మరాజు ఆలయం అది. దేశంలో యముడికి గుళ్లు అరుదు. పేరెత్తడానికే భయపడే దేవుణ్ని ఎదురుగా నిలబడి చూడటం ఓ అనుభవం. మీసాలు తిప్పుకునే ఎస్వీ రంగారావునో, పాశం విసిరే కైకాల సత్యనారాయణనో ఊహించుకుని వెళ్లేవాళ్లు కాస్త తగ్గిపోతారు. ఇక్కడాయన కిరీటం పెట్టుకుని సభ తీర్చిన రాజు కాదు. సేద తీరడానికి వచ్చినవాడు.

ఆ కథ వినదగింది. యుగాలుగా ప్రాణాలు తీసీ తీసీ, పాపుల్ని శిక్షించీ శిక్షించీ యముడికి మనశ్శాంతి పోయిందట. ఎక్కడికి వెళ్లినా కుదుట పడలేదట. చివరికి ధర్మపురికి వచ్చి గోదావరిలో మునిగి నరసింహుణ్ని దర్శించుకుంటే అప్పుడు మనసు నిమ్మళించిందట. అప్పట్నుంచి ఇక్కడే ఉండిపోయాడు. చంపే పని చేసేవాడికి కూడా ఆ పని బరువనిపించిందని ఊహించిన మనిషెవరో గానీ, గొప్ప మనసున్నవాడు.

గుళ్లో గండదీపం వెలుగుతుంటుంది. గండాలు తప్పించమని అందులో నూనె పోస్తారు. యముడి నక్షత్రమైన భరణి రోజున ప్రత్యేక పూజలుంటాయి. ‘ధర్మపురికి పోయినోళ్లకు యమపురి లేదు’ అన్న సామెత ఈ చుట్టుపక్కల జిల్లాల్లో తెలియనివాళ్లు ఉండరు. సామెత నిజమా కాదా అని తేల్చుకోవడం మన వల్ల అయ్యే పని కాదు. కానీ చీటీలో రాసుకొచ్చిన పేర్లు ఒక్కొక్కటీ చదువుతూ, ఒక్కో పేరుకూ ఒక్కో గరిటె నూనె పోస్తున్న పెద్దావిడను చూస్తే... ఆమె చీటీలో తన పేరు లేదు. కొడుకులు, కోడళ్లు, మనవలు, దుబాయిలో ఉన్న అల్లుడు. అంతే.

గుడికి దగ్గర్లోనే బ్రహ్మపుష్కరిణి. మామూలు రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే ఈ కోనేరును ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో చూడాలి. తెప్పోత్సవం, డోలోత్సవం నాడు మెట్లు కనబడవు. నడుమ మండపంలో స్వామి ఊయలూగుతుంటే చుట్టూ జనం. ఇక ఇసుకస్తంభం సంగతి. పేరుకు తగ్గట్టే ఇసుకతో నిలిపిందంటారు. పాము రూపంలో ఉన్న భర్తకు గోదావరి స్నానంతో మనిషి రూపం తెప్పించుకున్న సతీ సత్యవతి నిలిపిందని కథ. నదిలో ఆమె పేరుతో ఓ గుండం కూడా ఉంది. ఈ ఊళ్లో కథలన్నీ నీళ్లలోంచే పుడతాయి!

శేషప్ప ఊరు

ఆలయం పక్కన ఉత్సవాలకూ కచేరీలకూ ఉన్న వేదిక పేరు శేషప్ప కళావేదిక. చాలామంది ఆ పేరు చదువుకుంటూ వెళ్లిపోతారు. ఎవరీ శేషప్ప?

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లను అడగండి. నరసింహ శతకంలో ఒక్క పద్యమైనా తడుముకోకుండా చెబుతారు. ఒకప్పుడు బడిలో వేమన, సుమతి తర్వాత చేతికొచ్చే పుస్తకం అది. ఆ శతకం రాసింది ధర్మపురి వాసి శేషప్ప. ప్రతి పద్యం చివరా మకుటంలో ఈ ఊరి పేరు ఉంటుంది. అంటే కోస్తాలో, సీమలో, మద్రాసులో, బర్మాకు వలసపోయిన ఇళ్లల్లో... ధర్మపురి ఎక్కడుందో తెలియని వేల మంది పిల్లలు ఆ పేరును తలుచుకుంటూ పెరిగారు. రాజుల్ని ఆశ్రయించిన కవి కాదు. పద్యాల్లో దేవుణ్ని బతిమాలతాడు, నిష్టూరమాడతాడు, పోట్లాడతాడు. చావు వచ్చే వేళకు నీ పేరు పలకగలనో లేదో, అందుకే ఇప్పుడే పలుకుతున్నానని అర్థం వచ్చే పద్యం ఒకటుంది. ఘాట్ మీద ఓ గంట కూర్చుని వచ్చాక ఆ పద్యం చదువుకుంటే, అది ఎక్కడ కూర్చుని రాశాడో చెప్పక్కర్లేదనిపిస్తుంది.

ఇంగ్లండులో ఏవన్ నది ఒడ్డున స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊరుంది. షేక్‌స్పియర్ పుట్టింది అక్కడే. ఆయన పుట్టిన ఇల్లు 1847లో వేలానికి వస్తే జనమే చందాలు వేసుకుని కొని కాపాడుకున్నారు. ఈరోజు ఆ ఊరు బతికేది ఆ కవి పేరు మీదే. శేషప్పను షేక్‌స్పియర్‌తో పోల్చడం ఉద్దేశం కాదు. కానీ నరసింహ శతకం పద్యాలు నాలుగు, రాతిపలకల మీద చెక్కించి ఘాట్‌కు వెళ్లే దారిలో నిలబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? గుడి ముందు కొట్లలో కుంకుమ, గాజులు, దేవుడి పటాలు, ప్లాస్టిక్ తుపాకులు అన్నీ దొరుకుతాయి. వాటి మధ్య శతకం పుస్తకం కోసం వెతుక్కోవాలి.

మధ్యాహ్నం ఊళ్లోనే భోజనం కానిచ్చేయండి. ఆ తర్వాత వెళ్లబోయే చోట హోటళ్లు ఆశించొద్దు.

వానపడితే నాణేలు

ధర్మపురి నుంచి మంచిర్యాల వైపు వెళ్లే జాతీయ రహదారి పట్టుకుంటే రాయపట్నం వస్తుంది. అక్కడ వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా, లక్షెట్టిపేట. మనం దాటొద్దు. ఇవతలే ఉండి కరీంనగర్ రోడ్డులోకి తిరిగితే వెల్గటూరు. అక్కణ్నుంచి మళ్లీ నది వైపు వెళ్తే కోటిలింగాల.

మొదట చూసినప్పుడు ఏమీ లేదనిపిస్తుంది. చిన్న ఊరు. నది ఒడ్డున కోటేశ్వరస్వామి గుడి. ఇక్కడి లింగం ఇసుకతో చేసిందని చెప్పుకుంటారు. శివరాత్రికి జాతర. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోటు. ఎదురుగా సముద్రంలా పరుచుకున్న నీళ్లు. ఫొటోలు తీసుకుని వెనుదిరిగేవాళ్లే ఎక్కువ. కానీ మీరు నిలబడ్డ నేల మామూలు నేల కాదు.

ఇక్కడ వానలు పడి మట్టి కోసుకుపోయినప్పుడల్లా నాణేలు బయటపడేవి. వాటిని పోగుచేసి విలువ గుర్తించినవారిలో ముఖ్యులు ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ. అవి శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చేతికి చేరాయి. ఆయన వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివారు. గోభద, నారన, కంవాయసిరి, సమగోప... అంతకుముందు చరిత్ర పుస్తకాల్లో ఎక్కడా లేని రాజుల పేర్లు! వాటితోపాటు ఇంకో పేరు: సిరి చిముక సాతవాహన. పురాణాల్లో సాతవాహన వంశానికి మొదటి రాజుగా చెప్పే శ్రీముఖుడు ఆయనే.

ఇది ఎందుకంత పెద్ద విషయమంటే... సాతవాహనులు ఎక్కడ మొదలయ్యారన్నది అప్పటికే పాత తగువు. మహారాష్ట్రలో నానాఘాట్ శాసనం ఉంది, పైఠాన్ ఉంది. కాబట్టి వాళ్లు అక్కడివాళ్లేనని ఒక వాదం. కాదు, తూర్పున మొదలై పడమటికి వెళ్లారని మరో వాదం. మొదటి రాజు నాణేలు, ఆయనకంటే ముందు పాలించిన స్థానిక రాజుల నాణేలతో కలిసి ఒకేచోట దొరికేసరికి తెలంగాణ వాదానికి బలం వచ్చింది. తగువు పూర్తిగా తీరిందని కాదు. చరిత్రకారుల తగువులు అంత తొందరగా తీరవు. కానీ కోటిలింగాల పేరెత్తకుండా ఇప్పుడెవరూ సాతవాహనుల గురించి మాట్లాడలేరు.

1979లో రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు మొదలుపెట్టింది. వంద ఎకరాలకు పైనే పరుచుకున్న దిబ్బ. చుట్టూ మట్టికోట, నాలుగు దిక్కులా ద్వారాల ఆనవాళ్లు. లోపల ఇటుక కట్టడాలు, కుండపెంకులు, పూసలు, ఇనుప వస్తువులు. నదీ, వాగూ కలిసే మూలను చూసి కోట కట్టినవాళ్లు తెలివైనవాళ్లు. రెండువైపులా నీళ్లే కాపలా. పడవల మీద సరుకు ఎక్కించుకోవడానికి రేవూ అదే. దక్షిణాన ధూళికట్ట, పెద్దబంకూరు... ఇవన్నీ ఆ కాలపు ఊళ్లే. పెద్దబంకూరులోనైతే కుండల్లో వేల కొద్దీ నాణేలు దొరికాయి. ఇప్పుడు పత్తి, వరి పండే ఈ పొలాల్లో అప్పుడు బజార్లు ఉండేవి.

తవ్వింది కొంతే. తవ్వనిదే ఎక్కువ. ఈలోగా నీళ్లొచ్చాయి.

నీటి అంచున

దిగువన గోదావరి మీద 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 2004లో శంకుస్థాపన జరిగింది. మంథని నుంచి వచ్చి శాసనసభ స్పీకరైన శ్రీపాదరావు పేరు దానికి పెట్టారు. రామగుండం కరెంటుకు, హైదరాబాద్ మంచినీళ్లకు, పొలాలకు ఆ నీళ్లు కావాలి. అందులో వాదన లేదు. ఆ నీళ్ల కోసం రెండు ఒడ్డులా ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఇళ్ల గోడలు కూల్చి, తలుపులు దర్వాజాలు బండ్ల మీద వేసుకుని పునరావాస కాలనీలకు వెళ్లిన కుటుంబాలు ఈ దారిలోనే ఉన్నాయి. వాళ్లలో కొందరు ఇప్పటికీ నీళ్ల వైపు చెయ్యి చూపించి ‘‘అగో, ఆడ మా ఇల్లు’’ అంటారు. చూపించినచోట అల తప్ప ఏమీ ఉండదు.

సజీవంగా ఉన్న ఊళ్ల పరిస్థితే అలా ఉంటే రెండువేల ఏళ్ల కిందట ఖాళీ అయిన ఊరి తరఫున మాట్లాడేదెవరు? వెనక్కి తన్నిన నీరు కోటిలింగాల దిబ్బ అంచుల దాకా వచ్చింది. నీటిమట్టం పెరిగి తగ్గినప్పుడల్లా ఒడ్డు కొంచెం కొంచెం కోసుకుపోతుంది. ఆ మట్టిలో ఏముందో మనకు తెలియదు. ఎందుకంటే అక్కడ ఎవరూ తవ్వలేదు.

ధర్మపురికీ కోటిలింగాలకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. రెండూ ఒకే నది ఒడ్డు ఊళ్లు. ధర్మపురి ఎవరూ కాపాడకపోయినా ఉంటుంది. జనం పుడుతూ పోతూ ఉన్నంతకాలం బస్సులు నిండుతూనే ఉంటాయి. కోటిలింగాల దిబ్బకు అలాంటి మొక్కుబడి ఏదీ లేదు. గుడికి వచ్చేవాళ్లున్నారు గానీ గుడి కింది కోటకు వచ్చేవాళ్లు లేరు. మట్టికోట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొత్తవాళ్లకు చూపించాలంటే ఊరివాళ్లెవరైనా వెంట రావాల్సిందే. వస్తారు కూడా. ‘‘ఏముంది సార్, పెంకాసులే గద’’ అంటూనే కాలితో మట్టి తప్పించి ఎర్రటి పెంకు ఒకటి తీసి చేతిలో పెడతారు. బొటనవేలు నొక్కిన గుర్తులాంటి అలంకారం ఉంటుంది దాని మీద. చూసి అక్కడే పెట్టేయండి. జేబులో వేసుకుని రావొద్దు.

సాయంత్రం ఐదు దాటాక నీళ్ల మీద వెలుగు మారుతుంది. అవతలి ఒడ్డున మంచిర్యాల జిల్లా పల్లెలు నల్లటి గీతలా కనిపిస్తాయి. వలలు వేసిన గంగపుత్రులు తెప్పలు ఒడ్డుకు తోస్తుంటారు. పిల్లలతో వెళ్లినవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఇది ఘాట్ కాదు, నిలవనీరు. లోతు తెలియదు. స్నానానికి దిగొద్దు. పడవ ఎక్కాలనుకుంటే ముందు ఊళ్లో అడిగి తెలుసుకోండి.

ఎలా వెళ్లాలంటే: ధర్మపురి కరీంనగర్ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. జగిత్యాల, మంచిర్యాల నుంచి బస్సులు ఎప్పుడూ ఉంటాయి. రైల్లో వచ్చేవాళ్లు మంచిర్యాలలో దిగొచ్చు. కోటిలింగాలకు మాత్రం సొంత బండి గానీ, ధర్మపురిలోనో వెల్గటూరులోనో మాట్లాడుకున్న ఆటో గానీ ఉంటే మేలు. తిరుగు ప్రయాణంలో వెల్గటూరు, ధర్మారం, చొప్పదండి మీదుగా కరీంనగర్ చేరుకోవచ్చు. ఆ రాత్రి కరీంనగర్‌లో ఆగగలిగితే మర్నాడు అక్కడి పురావస్తు ప్రదర్శనశాల చూసి రండి. మీరు తొక్కి వచ్చిన నేలలోంచి తీసిన వస్తువులు అక్కడ అద్దాల వెనక ఉన్నాయి.